కర్ర బాణం నుంచి లోహపు బాణం దాకా

1749లో ఆంగ్లేయులు హాలిఫాక్స్ పట్టణాన్ని నెలకొల్పక పూర్వం ఆ రేవు తీరం మిక్‌మాక్ జాతివారిది. తుపాకులు రాకముందు వారి వేటకు విల్లమ్ములే ఆధారం. అక్కడి వేటగాడికైనా, నల్లమల చెంచుకైనా ఎదురైన చిక్కు ఒక్కటే: ఒకే పొడవున కోసిన రెండు పుల్లలు ఒకేలా వంగవు.

సంప్రదాయ విల్లులో బాణం వింటికర్రకు పక్కగా ఆని ఉంటుంది. నారి విడువగానే అది పాములా వంగుతూ, కర్రను తప్పించుకొని సాగుతుంది. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ అతివేగ చిత్రణతో ఈ కదలికను పరిశీలించాడు. కనుక బాణపు బిగువు వింటి బలానికి సరిపడాలి.

1939లో అమెరికాలో డగ్ ఈస్టన్ అల్యూమినియం బాణాలు చేయడం మొదలుపెట్టాడు. దానితో బిగువు అంకెలకు అందింది. 2016 అనే గుర్తులో మొదటి రెండంకెలు గొట్టపు వ్యాసాన్ని అంగుళంలో 64వ వంతులలోనూ, చివరి రెండు గోడ మందాన్ని వెయ్యో వంతులలోనూ తెలుపుతాయి.

అయినా పరీక్ష తప్పదు. కుడిచేతి విలుకాడు వేసిన ఈకలు లేని బాణం ఎడమకు పోతే బిగువెక్కువ. బరువైన మొన తొడగాలి. కుడికి పోతే బిగువు తక్కువ. కొద్దికొద్దిగా కోసి పొడవు తగ్గించాలి. కోసిన ముక్క తిరిగి అతకదు. లోహం సమానతను ఇచ్చింది. ఓర్పు మాత్రం నేటికీ పాత వేటగాడిదే.