గాజుతొట్టిలో సముద్రపుష్పము, పగడము

వరదల నెలలలో రావులపాలెము వంతెన మీద నిలిచి గౌతమిని చూచినవారికి, కోనసీమ తీరమున పగడపు దిబ్బలు ఎందుకు లేవో వేరుగా చెప్పనక్కరలేదు. ఎర్రనీరు మోసికొనిపోవు ఒండ్రుమట్టి పగడపు జీవులను కప్పివేయును. నదీజలము కలిసి సముద్రపు ఉప్పు పలుచనగును. సాధారణముగా సముద్రజలమున వేయి పాళ్ళకు సుమారు 35 పాళ్ళు లవణములుండును. ఆ పాలు బాగుగా తగ్గిన పగడము సహింపదు. ఇంటిలో గాజుతొట్టి పెట్టి సముద్రజీవులను పెంచదలచిన వానికి కూడ మురికియు, ఉప్పు తప్పుటయు మొదటి శత్రువులు. మూడవ శత్రువు ఒకటి కలదు. దానిని గుర్తించుటకు నూరేండ్లు దాటినది.

ఇంగ్లీషువారు సీ-ఎనిమోన్ అని పిలుచు సముద్రపుష్పము పేరునకే పువ్వు. అది జంతువు. మెత్తని స్తంభము వంటి దేహము, పైన నోరు, నోటి చుట్టును రేకుల వంటి స్పర్శకములు, వాటి నిండ కుట్టు కణములు. పగడపు జీవియు అట్టిదే. కాని అది తన క్రింద సున్నపు గిన్నె కట్టుకొని అందులో స్థిరపడును. కనుక ఇవి రెండును దాయాదులు. దాయాదుల సంగతి మన పల్లెలలో తెలియనిదెవరికి?

స్కాట్లండులో సర్ జాన్ డాల్యెల్ అను శాస్త్రజ్ఞుడు 1828లో నార్త్ బెర్విక్ రాళ్ళ నుండి ఒక సముద్రపుష్పమును తెచ్చి, గాజుపాత్రలో ఉంచి, సముద్రజలమును మాటిమాటికి మార్చుచు పెంచినాడు. 1851లో ఆయన మరణించినాడు, పుష్పము మరణించలేదు. చేతులు మారుచు 1887 వరకు బ్రతికినది. వందలకొలది పిల్లలను కన్న దానిని అందరును గ్రానీ, అనగా మామ్మ, అని పిలిచినారు.

పగడమును ఇంటిలో పెంచిన ఘనత ఆనా థిన్ అను ఇంగ్లీషు మహిళది. 1846లో ఆమె టార్కీ తీరమున చిన్న గిన్నెపగడములను చూచి ముచ్చటపడి, వాటిని సూదీదారములతో ఒక పెద్ద స్పంజికి కుట్టి, జాడీలో పెట్టి లండనుకు తెచ్చినది. సముద్రజలము చాలనప్పుడు ఉన్న నీటినే తెరచిన కిటికీ ఎదుట ఒక పాత్ర నుండి మరియొక పాత్రలోనికి పోయించెడిది. దినమునకు అరగంటకు పైగా ఈ పని చేసినది ఒక చిన్న పనిపిల్ల. నేడు విద్యుత్తుతో నడుచు గాలిపంపు చేయు పని ఆనాడు ఆ పిల్ల చేతులు చేసినవి. తరువాతి సంవత్సరము థిన్ ఆ నీటిలో సముద్రపు నాచును కూడ చేర్చినది.

నాచు ప్రాణవాయువు నిచ్చును, జంతువు దానిని పీల్చును అను లెక్కను రాబర్టు వారింగ్టన్ 1850లో మంచినీటి తొట్టిలో నిరూపించినాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యశాల వెలసినది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ లవణములు కలిపి కృత్రిమ సముద్రజలము తయారుచేయు పద్ధతిని తెలిపినాడు. ఇక ఇంటింట సముద్రపు తొట్లు. జనులు ఉలులు, బుట్టలు పట్టుకొని తీరముల మీద పడినారు. అందమైన నీటిగుంటలు బోసిపోయినవి. తన పుస్తకములే ఈ దోపిడికి దారి చూపినవని తండ్రి ఎంత బాధపడినాడో కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వ్రాసినాడు.

మన దేశమున మొదటి సముద్రజీవ ప్రదర్శనశాల మద్రాసు మెరీనా తీరమున 1909లో తెరువబడినది. దానికి పూనుకొన్నవాడు మద్రాసు మ్యూజియము అధిపతిగా పనిచేసి, రామేశ్వర ద్వీపపు సముద్రజీవులను గూర్చి వ్రాసిన ఎడ్గర్ థర్స్టన్. గోదావరి జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే కనుక మనవారికి అది పరాయి ఊరి వింత కాదు. 1942లో జపానువారి దాడి భయముచేత దానిని మూసివేసినారు.

ఉష్ణసముద్రపు దిబ్బపగడములు మాత్రము చాలకాలము తొట్లకు లొంగలేదు. వాటి కండలో గోధుమవన్నె నాచుకణములు కాపురముండి ఎండలో ఆహారము తయారుచేసి పెట్టును. వెలుతురు చాలనిచో ఆతిథేయి కృశించును. చేపలకు ఆశ్రయమిచ్చు పెద్ద సముద్రపుష్పములదియు ఇదే స్థితి. 1961లో ఇండోనేసియావాడైన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికా పత్రికలో ప్రకటించినాడు: సముద్రము నుండి తెచ్చిన సజీవ శిలలు, సన్నని గాలిబుడగలు, ఎండ, అంతే. రాళ్ళలోని సూక్ష్మజీవులే విషపు అమ్మోనియాను మార్చివేయును. ఇంత సులువైనది అంతకుముందు ఎవరికిని తోచకపోవుట వింతయే.

నీరు కుదిరినది, వెలుతురు కుదిరినది. అప్పుడు బయటపడినది మూడవ శత్రువు: పొరుగువాడు. మామ్మ జాతి పుష్పములకు స్పర్శకముల క్రింద నీలిపూసల వంటి బుడిపెలుండును. వాటిని చూచి మురిసినవారే కాని, అవి ఆయుధములని చాలకాలము ఎరుగరు. అట్టి బుడిపెలు గల కాలిఫోర్నియా జాతి ఒకటి పరవంశపు పొరుగుపుష్పమును ఎట్లు కుట్టి తరుమునో 1973లో లిస్బెత్ ఫ్రాన్సిస్ వివరించినది. పగడములును సాధువులు కావు. జమైకా పగడములు తమ జీర్ణతంతువులను వెలికి చాచి పొరుగు పగడమును సజీవముగా జీర్ణించుకొనునని జూడిత్ లాంగ్ అదే కాలమున చూపినది.

తొట్టిలో కష్టమంతయు ఇక్కడనే. పగడము కదలలేదు, సముద్రపుష్పము తన పాదముతో మెల్లగా నడువగలదు. వెలుతురు నచ్చకున్న రాత్రికి రాత్రి లేచి, దారిలోని పగడములను కాల్చుచు పోవును. పంపులో చిక్కి తునిగిన నీరంతయు చెడి తొట్టి మొత్తము చావవచ్చును. అందుచేత అనుభవజ్ఞులు కొన్ని నెలలు నడచి నీరు నిలకడ చెందిన తొట్టిలోనే దానిని వదలుదురు. అది తనకు నచ్చిన చోట స్థిరపడిన పిమ్మటనే, ఇసుకను నడుమ విడిచి, దూరపు రాతి మీద పగడమును ఉంచుదురు. మొదట పగడములతో తొట్టి నింపి, పిదప పుష్పమును తెచ్చుట తెలివితక్కువ.

మన ఉపాధ్యాయులు ఒక సంగతి మరువరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో 2001లో రాతిపగడములన్నియు చేర్చబడినవి. మన్నారు సింధుశాఖ నుండి ఒక కొమ్మ విరిచి తెచ్చుటయు నేరమే. సముద్రపుష్పములను చూడ కోరు విద్యార్థులను ఆటు సమయమున విశాఖపట్నపు రాళ్ళ వద్దకు తీసికొనిపోవచ్చును. నీటిగుంటలో విచ్చుకొనియున్న దాని దగ్గర ఒక పుల్లను మెల్లగా కదిపిన, రేకులన్నియు లోనికి ముడుచుకొని ఎర్రమట్టి ముద్దవలె కూర్చుండును. మరల విచ్చుకొనుటకు కొంతసేపు పట్టును.