పాట ఎవరిది? – ఉమ్మడి రచనా, హక్కుల ప్రశ్నా

వాడరేవులో మా సాహితీ మిత్రులం నాలుగేళ్లుగా పాటలు సేకరిస్తున్నాం. అలివి వల లాగేటప్పుడు పాడేవి, పత్తి తీతలోనూ మిరపకాయల కోతలోనూ ఆడకూలీలు పాడేవి, నాట్ల పాటలు, జోలపాటలు. ఒకరు పాడించి రికార్డు చేశారు, ఒకరు విని రాశారు, ఇంకొకరు పాఠాంతరాలు సరిచూశారు, మరొకరు మాటల పట్టిక తయారుచేశారు. పీఠికలో సగం నాది. పుస్తకం అచ్చుకు సిద్ధమయింది గాని, ముఖపత్రం వెనక పేజీ దగ్గర పని ఆగిపోయింది. "సర్వహక్కులూ" అని మొదలయ్యే ఆ వాక్యం ఎవరి పేరుతో ముగియాలి? పైకి ఇదొక లాంఛనంలా కనిపిస్తుంది. కాని పదిమంది శ్రమతో తయారయిన వస్తువు మీద అధికారం ఎవరిదన్నది ఎన్నడూ లాంఛనం కాదు. అంచేత ఈ ప్రశ్న చరిత్రను కొంచెం వెనక్కి వెళ్లి చూడవలసి ఉంది.

మన ఉద్యమ సాహిత్యం చాలాకాలం ఈ ప్రశ్న వేసుకోకుండానే బతికింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో వెలువరించిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా ఊరూరా ఆడాయి. ప్రతి దళమూ రచయితల దగ్గర అనుమతి పత్రం రాయించుకున్నదని నేనెక్కడా చదవలేదు. మన పొన్నెకల్లు బిడ్డ షేక్ నాజర్ బుర్రకథను నేర్చుకున్నవాళ్లూ ఆయన్ని వరస అడిగి ఉంటారు గాని హక్కు అడిగి ఉండరు. ఉద్యమమే ఆ రోజుల్లో లైసెన్సు.

ఆ పద్ధతిలోని గొప్పతనం చెప్పుకుంటూ నష్టాన్ని దాచడం విమర్శకుడికి తగదు. గరిమెళ్ల సత్యనారాయణ పాట సహాయ నిరాకరణ రోజుల్లో ఆంధ్రదేశమంతా పాడుకున్నది. ఆయన జైలుకు పోయారు, చివరికి 1952లో పేదరికంలోనే కన్నుమూశారు. పాట అందరిదయింది, ఆకలి మాత్రం ఆయన ఒక్కరిదయింది. 1979లో గౌతం ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన బండి పాట ఎవరిదని మా పదో తరగతి పిల్లల్ని అడిగితే, గద్దర్‌దేనన్నారు. అది సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి పాట. అంటే యథేచ్ఛగా వదిలేసిన చోట మొదట పోయేది పాటగాడి పేరు, ఆ తర్వాత పోయేది కూడు.

చట్టం సంగతి చూద్దాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచన కాగితం మీదికి వచ్చిన క్షణాన్నే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషను అక్కర్లేదు. రచయిత పోయాక 50 ఏళ్లుగా ఉన్న గడువును 1992 సవరణ 60 ఏళ్లు చేసింది. రవీంద్రుని రచనల గడువు ముగియవచ్చిన సందర్భం అది. దీని లెక్కన వినుకొండలో పుట్టి 1971లో పోయిన జాషువా రచనలు 2032 జనవరి 1న గాని అందరివీ కావు. పోతే ఇదే చట్టంలో 52వ సెక్షన్ ఒక తమాషా. ఔత్సాహిక సంఘం టిక్కెట్టు లేకుండా నాటకం ఆడితే తప్పు లేదు, మత సంస్థ సహాయార్థం ఆడినా తప్పు లేదు. వలలు పోయిన బెస్తవాళ్ల సహాయార్థం టిక్కెట్టు పెట్టి ఆడితే మాత్రం అనుమతి కావాలి! ఇందులో మనకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. పుస్తకం మీద ఏమీ రాయకుండా వదిలేస్తే దాన్ని అందరికీ ఇచ్చినట్టు కాదు. చట్టం దృష్టిలో మౌనమంటే సర్వహక్కులూ దాచుకోవడమే.

అలాగయితే హక్కులు వదులుకున్నామని ప్రకటిస్తే సరిపోదా? పెద్దలు ఆ దారీ తొక్కారు. టాల్‌స్టాయ్ 1881 తర్వాతి తన రచనలను ఎవరైనా అచ్చువేసుకోవచ్చని 1891లో ప్రకటించాడు. గాంధీ 1910లో తన 'హింద్ స్వరాజ్' ఇంగ్లీషు కూర్పు మీద హక్కులేవీ ఉంచుకోలేదని అచ్చువేయించారు. ఆ గాంధీయే 1940లో వీలునామా రాస్తూ తన రచనల హక్కులు నవజీవన్ ట్రస్టుకు అప్పగించారు. ఆ గడువు 2008తో ముగిసింది. కేవలం వదులుకోవడం చాలదని ఆయనకు కూడా తోచి ఉండాలని నా ఊహ.

నాకు ఆ పాఠం సొంత అనుభవంతో తెలిసింది. నా చిన్నతనంలో, 1987-88లో, తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చిపెట్టింది. అప్పులపాలయిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ జ్ఞాపకం మీద 2006లో మా మిత్రులు ఆరుగురు కలిసి ఒక పాట కట్టారు. చిన్న పుస్తకంలో అచ్చువేసి, కింద "ఎవరైనా వాడుకోవచ్చు" అని ఒకే ఒక్క వాక్యం పెట్టాం. చాలా ఉదారంగా ఉన్నామనుకున్నాం. ఒక ఆడియో కంపెనీ ఆ పాటను రెండు చరణాలు మార్చి డిస్కుగా తెచ్చింది. మా ఆరుగురి పేర్లు లేవు, సర్వహక్కులూ తమవన్న ముద్ర మాత్రం ఉంది. 2019లో మా బడి వార్షికోత్సవంలో పిల్లలు ఆ పాట పాడితే, ఆ వీడియో మీద ఆ కంపెనీ అభ్యంతరం పెట్టింది. వీడియో తీసేశారు. మా పాట మా పిల్లలు పాడకూడదయింది! ఏం చేస్తాం, వాడుకోమన్నది మేమే. వాడుకున్నవాడు తలుపు వేసుకోకూడదని మాత్రం రాయలేదు.

ఈ దెబ్బ మనకంటే ముందు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు తిన్నారు. 1980ల్లో, పదిమందీ పంచుకుంటున్న ఒక ప్రోగ్రాం హక్కులు ఒక కంపెనీ చేతిలో పడ్డాయి. అందులోని భాగాలు వాడుకున్న రిచర్డ్ స్టాల్‌మన్ వాటిని తీసేసి మళ్లీ రాసుకోవలసి వచ్చింది. ఆయన 1989లో తెచ్చిన జి.పి.ఎల్. లైసెన్సు కాపీరైట్‌ను వదులుకోదు, దాన్ని ఎదురు తిప్పి పట్టుకుంటుంది. తీసుకో, మార్చు, కావాలంటే అమ్ము, కాని నువ్వు మార్చి పంచిపెట్టినది కూడా ఇవే షరతులతో ఇవ్వు అంటుంది. 2002 డిసెంబరులో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు పుట్టి ఈ సూత్రాన్ని రచనలకూ పాటలకూ తెచ్చాయి.

లైసెన్సు ఎంపికలో తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి వికీపీడియా మంచి ఉదాహరణ. 2003 డిసెంబరులో మొదలయిన మన తెలుగు వికీపీడియా కూడా మొదట జి.ఎఫ్.డి.ఎల్. లైసెన్సు కిందే నడిచింది. అది ప్రోగ్రాములతో వచ్చే పుస్తకాల కోసం రాసినది. ఒక పేజీ వ్యాసం అచ్చువేసి పంచాలన్నా పేజీలకు పేజీల లైసెన్సు పాఠం జతచేయాలి. తీరా మార్చుకుందామంటే రాసిన వేలమందిని ఎక్కడని వెతికి అడగాలి? లైసెన్సులో "లేదా తర్వాతి కూర్పు" అన్న మాట ఉండబట్టి బతికిపోయారు. 2008 నవంబరులో కొత్త కూర్పు వచ్చి 2009 ఆగస్టు 1 వరకు గడువిచ్చింది. ఓటు పెడితే నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకున్నారు. 2009 జూన్‌లో వికీపీడియా క్రియేటివ్ కామన్స్‌లోకి, పేరు చెప్పి అవే షరతులతో పంచే లైసెన్సులోకి మారింది.

మా సమావేశంలో అసలు వాదం "వ్యాపారానికి వాడరాదు" అన్న షరతు మీద వచ్చింది. అభ్యుదయవాదులం గనక అదే మన షరతు కావాలని ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు. వినడానికి అది సబబే. కాని చీరాల బస్టాండులో పాటల పుస్తకాలు అమ్మి పొట్టపోసుకునే మనిషి చేసేది కూడా వ్యాపారమే. పళ్లెం పట్టి పది రూపాయలు పోగుచేసే బుర్రకథ దళం సంగతేమిటి? పెద్ద కంపెనీకి వకీలు ఉంటాడు, భయపడి వెనక్కి తగ్గేది ఈ చిన్నవాళ్లే. అదే "ఇలాగే పంచాలి" అన్న షరతయితే చిన్నవాడికి అడ్డు రాదు, తలుపు వేసుకోదలచినవాడికే అడ్డు వస్తుంది. మన రికార్డింగును సినిమాలో కలిపితే ఆ సినిమాను కూడా అవే షరతులతో ఇవ్వాలి. అది ఇష్టం లేని నిర్మాత మన దగ్గరికి వచ్చి, వేరే అనుమతి అడిగి, డబ్బు ఇచ్చి తీసుకోవలసిందే. ఆ డబ్బు పాడినవాళ్లకు చేరేట్టు ముందే రాసుకోవచ్చు. గరిమెళ్ల ఆకలికి ఇది పూర్తి జవాబు కాదు. కాని జవాబు వెతకవలసిన దిక్కు ఇదే.

ఈ మాటలన్నీ విని, వల యజమానిగా చేసి మానుకున్న ఒక పెద్దాయన అన్నాడు: "వల వేసేముందే వాటా మాటాడుకోవాలి మాస్టారూ. చేపలు ఒడ్డున పడ్డాక మాటాడుకుంటే తన్నులాటే." అలివి వలకు అటు తాడుకూ ఇటు తాడుకూ ఎందరో చేతులు వేస్తారు. అది ఉమ్మడి పనే గాని కట్టుబాటు లేని పని కాదు.

ఆ రోజే మా తప్పు ఒకటి బయటపడింది. తరతరాలుగా నోట నడిచిన పాట మీద లైసెన్సు వేయడానికి అసలు మేమెవరం? దాని మీద మా పేరు వేస్తే ఆ ఆడియో కంపెనీకీ మాకూ తేడా ఏమిటి? మాది అని చెప్పగలిగింది పీఠిక, పట్టిక, వివరణలు, రికార్డింగులు – అంతే. రికార్డింగుల మీద కూడా 1994 సవరణ దగ్గర్నుంచి పాడినవాళ్లకు తమ హక్కు తమకుంది. అంచేత మళ్లీ ఇంటింటికీ వెళ్లి, చదివి వినిపించి, ఒప్పుకుంటేనే ఉంచాం. ఒకసారి ఇచ్చిన లైసెన్సు వెనక్కి తీసుకోవడం కుదరదని కూడా చెప్పాం. ఒక పెద్దమ్మ, "అది మా ఆయన పోయినప్పుడు ఏడ్చిన పాటయ్యా, పుస్తకంలోకి వద్దు" అన్నది. ఆ పాట తీసేశాం. సేకరణలో అంతకంటే మంచి పాట లేదు.

ఇప్పుడు ఆ పేజీ నిండింది. మొదట పాడినవాళ్ల పేర్లు, ఊళ్లు. తర్వాత పాటలు ఎవరి సొత్తూ కావన్న మాట. మా పని వరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, పేరు చెప్పి ఇవే షరతులతో పంచాలన్నది. ఈసారి వార్షికోత్సవానికి పిల్లలు అలివి వల పాట నేర్చుకుంటున్నారు.