ముక్కు అరిగిన తాబేలు

అమెరికాలో మేరీల్యాండ్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేసినవాళ్ళెవరైనా మీకు తెలుసా? టెస్ట్యూడో ముక్కు నిమిరారేమో అడిగి చూడండి. కాలేజ్ పార్క్ క్యాంపస్‌లో మెక్‌కెల్డిన్ లైబ్రరీ ముందుండే కంచు తాబేలు అది. ఫ్రెండ్స్ కలుసుకునే గుర్తు అదే, ముక్కు నిమిరితే మార్కులొస్తాయన్న నమ్మకమూ దానిమీదే. పరీక్షల వారంలో దాని ముందు తిండీ, కూల్‌డ్రింకులూ, చిల్లర డబ్బులూ గుట్టగా పేరుకుంటాయి. వీసా వచ్చాక చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేసి విమానమెక్కిన మనవాళ్ళకి ఇదేం వింత కాదులెండి! 2013 డిసెంబర్లో అయితే ఆ నైవేద్యాలకి నిప్పంటుకుని విగ్రహం కూడా మసిబారింది.

తాబేలు ఐడియా కర్లీ బర్డ్ అనే ఫుట్‌బాల్ కోచ్‌ది, 1932లో. చీసపీక్ బే డైమండ్‌బ్యాక్ టెర్రాపిన్ అన్నమాట. అప్పటికే జనం దాన్ని సూప్ చేసుకుని తిని తిని దాదాపు ఖాళీ చేసేశారు. (అమ్మకానికి పట్టడం మేరీల్యాండ్ నిషేధించింది 2007లో!) 1933లో విగ్రహం వెలిసింది. 1947లో జాన్స్ హాప్కిన్స్ కుర్రాళ్ళు ఎత్తుకుపోతే, వీళ్ళు బాల్టిమోర్ మీదకి దండెత్తారు. పోలీసులు దిగాల్సొచ్చింది. ఇలాంటి దొంగతనాలు పడలేక చివరికి 1951లో దాని కడుపులో సిమెంటు పోసి, కొత్తగా కట్టిన బర్డ్ స్టేడియం దగ్గర బిగించేశారు. లైబ్రరీ ముందుకి వచ్చింది 1960ల్లో.

స్టేడియం పేరు చూశారుగా, ఆ కోచ్ పేరే. 1930ల మధ్య నుంచి 1954 దాకా యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఆయనే. నల్లవాళ్ళని రానివ్వకూడదని పట్టుబట్టిన మనిషి కూడా. 1935లో డొనాల్డ్ ముర్రేకి లా స్కూల్లో సీటివ్వకపోతే, థర్‌గుడ్ మార్షల్, చార్లెస్ హ్యూస్టన్ కోర్టుకెళ్ళి గెలిచారు. అయినా కాలేజ్ పార్క్‌లో డిగ్రీ చదువుకి మొదటి నల్లజాతి విద్యార్థి హైరమ్ విటిల్ అడుగుపెట్టడానికి 1951 రావాల్సొచ్చింది. ఇంజనీరింగ్ కోసమే వచ్చాడాయన, మనలాగే.

అంటే తాబేలు దొంగల పాలు కాకుండా సిమెంటు పోసిన ఏడూ, ఒక కుర్రాణ్ణి లోపలికి రానిచ్చిన ఏడూ ఒకటే. క్యాంపస్ కథల్లో మొదటిదే ఎక్కువ వినిపిస్తుంది, నాకు నచ్చనిది అదే.

2015 డిసెంబర్లో స్టేడియానికి బర్డ్ పేరు తీసేశారు. మంచి పని చేశారనే అంటాను. ఆయన ఎంచిన తాబేలు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పాపం, అదేం చేసింది?