స్టార్టప్ కీలు, బూట్ మెనూలు

కంప్యూటర్ ఆన్ చేశాక ఆపరేటింగ్ సిస్టమ్ తెరుచుకునేలోపు దాని దారి మార్చడానికి రెండు పద్ధతులున్నాయి. అదను చూసి కీ నొక్కడం ఒకటి, తెర మీద కనిపించే మెనూలో ఎంచుకోవడం రెండోది. మొదటిది తెలిసినవారికే దక్కుతుంది.

1984 నాటి ఐబీఎం పీసీ ఏటీలో సెట్టింగులు బ్యాటరీతో నిలిచే సీమాస్ మెమరీలో ఉండేవి. వాటిని మార్చాలంటే కంపెనీ ఇచ్చిన డయాగ్నొస్టిక్స్ ఫ్లాపీ పెట్టాలి. తర్వాత సెటప్ ప్రోగ్రాము బయోస్ చిప్‌లోకే చేరింది, తెరవడానికి ఒక కీ చాలు. అయితే ఏ కీ అన్నది తయారీదారు ఇష్టం: చాలా డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో డిలీట్, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. నొక్కాల్సిన కీ చెప్పే వాక్యాన్ని కంపెనీ లోగో కప్పేసిన సందర్భాలూ ఉన్నాయి.

1993లో వచ్చిన ఎమ్మెస్ డాస్ 6 ఈ చరిత్రలో పెద్ద మలుపు. అంతకుముందు కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క డ్రైవర్ లైను తప్పుగా ఉన్నా యంత్రం బిగుసుకుపోయేది, వేరే ఫ్లాపీతో బూట్ చేస్తే తప్ప బాగుచేసే వీలుండేది కాదు. కొత్త డాస్ ‘స్టార్టింగ్ ఎమ్మెస్ డాస్’ అని చూపి రెండు సెకన్లు ఆగేది. ఆలోగా ఎఫ్5 నొక్కితే స్టార్టప్ ఫైళ్లను వదిలేసేది, ఎఫ్8 నొక్కితే ఒక్కో లైనుకూ అనుమతి అడిగేది. ఇంత మేలు చేసే కీల పేర్లు మాత్రం ఆ తెర మీద కనిపించేవి కావు. విండోస్ 95లో ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ ఉన్న మెనూ వచ్చేది.

2012లో విండోస్ 8 ఈ అలవాటును మాన్పించింది. ఎస్ఎస్‌డీ ఉన్న పీసీలు ఏడు సెకన్లలోపే తెరుచుకోవడంతో ఎఫ్2, ఎఫ్8 నొక్కడానికి 200 మిల్లీసెకన్ల వ్యవధి కూడా మిగల్లేదని మైక్రోసాఫ్ట్ వివరించింది. ఆ ఆప్షన్లన్నీ సెట్టింగ్స్‌లోని ‘అడ్వాన్స్‌డ్ స్టార్టప్’ కిందికి చేరాయి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కినా అదే మెనూ వస్తుంది. విండోసే తెరుచుకోకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లేదెలా? ఈ ప్రశ్న న్యాయమైనదే. అందుకే బూట్ విఫలమైనట్టు గుర్తిస్తే రికవరీ మెనూ తనంతట తానే తెరుచుకునే ఏర్పాటు చేశారు.

ఆపిల్ దారి వేరు. ఇంటెల్ మ్యాక్‌లలో డిస్కు ఎంచుకోవడానికి ఆప్షన్ కీ, రికవరీకి కమాండ్, ఆర్ కీలు గుర్తుపెట్టుకోవాలి. 2020 నవంబరులో వచ్చిన ఎం1 మ్యాక్‌లలో పవర్ బటన్‌ను నొక్కిపట్టుకుంటే చాలు, ఆప్షన్లు కనిపిస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ పాడైనా పనిచేసే ఈ పద్ధతే మెరుగైనది. అయినా సేఫ్ మోడ్ కోసం అక్కడా డిస్కును ఎంచుకుని షిఫ్ట్ పట్టుకోవాల్సిందే.

విండోస్‌లో పాత ఎఫ్8 పూర్తిగా పోలేదు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్ ద్వారా బూట్ మెనూ పాలసీని ‘లెగసీ’కి మారిస్తే విండోస్ 10లోనూ అది పనిచేస్తుంది.