టమాటా చుట్టరికాలు

సర్వీసులో నేను ఎక్కువ కాలం చేసిన పని టమాటా మళ్లలో నంబరు చీటీలు కట్టడం, గింజ తీసి ఆరబెట్టి పొట్లాలు కట్టడం. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగితే ఆ పొట్లాలే జ్ఞాపకం వచ్చాయి.

మా వైపు రామములగ, చిత్తూరు వైపు తక్కాళి అని పిలిచే ఈ కాయ మన దేశానిది కాదు. దాని అడవి బంధువులు పెరూ, ఈక్వడార్, చిలీ ప్రాంతాలవి. సాగు రకాలు 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి ఓడల్లో ఐరోపా చేరి, అక్కడి నుంచి లోకమంతా పాకాయి. ప్రతి మజిలీలోనూ వెంట వచ్చినవి కొద్ది గింజలే. పైగా సాగు టమాటా తన పుప్పొడితోనే తాను కాస్తుంది. అందుచేత వంశం ఇరుకైపోయింది.

ఈ సంగతి కంటికి తెలియదు. మా మళ్లలో గుండ్రటివి, పలకలవి, ఎర్రవి, పసుపుపచ్చవి ఉండేవి. వంద లైన్లుంటే వంద కుటుంబాలనుకునేవాళ్లం. నిజం బయటపెట్టినవి మాలిక్యులర్ మార్కర్లు. డి.ఎన్.ఏ.ను ఎంజైముతో కత్తిరిస్తే, వచ్చే ముక్కల పొడవులో మొక్కకూ మొక్కకూ తేడా ఉంటుంది. వాటిని జెల్‌లో విద్యుత్తుతో నడిపించి, చారలుగా పోల్చి చూస్తారు. చారలు ఎంత కలిస్తే చుట్టరికం అంత దగ్గర.

1974లోనే చార్లెస్ రిక్, ఫోబ్స్ అనే శాస్త్రవేత్తలు, వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగును తట్టుకునే గుణం వెంట ఒక ఎంజైము గుర్తు కూడా వస్తుందని చూపారు. ఆ గుణం పెరూ అడవి జాతి నుంచి వచ్చినదే. 1986లో టాంక్స్‌లీ బృందం డి.ఎన్.ఏ. గుర్తులతో టమాటా క్రోమోజోముల పటం ప్రకటించింది. 1990లో మిల్లర్, టాంక్స్‌లీ లెక్క తేల్చారు: అడవి బంధువులలో ఉన్న వైవిధ్యంలో సాగు రకాలకు దక్కింది 5 శాతానికి లోపే!

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంతకు చాలా ఏళ్ల ముందు మా స్టోరు గది ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. జాబితాలో కొన్ని పొట్లాలకు ఎదురుగా “చిన్న కాయ, పులుపు, పనికిరాదు” అని ఉంది. బఠాణీ అంత కాయలు కాసే అడవి రకాలవి. నా చేతులతోనే పెంటకుప్పలో పోసి, రిజిస్టరులో సంతకం చేశాను. వాటిలో ఏముండేదో ఇక ఎవరికీ తెలియదు.

మన దేశంలోనే తయారైన హెచ్-24 అనే లైను ఆకుముడత వైరస్‌ను తట్టుకున్నదీ అడవి జాతి సొత్తుతోనే. ఆ జన్యువు 11వ క్రోమోజోము మీద ఉన్నదని 2000లో మార్కర్లే చూపాయి. ఇప్పుడు నారుమడిలోనే చిన్న ఆకుముక్క తీసి పరీక్షిస్తే, ఆ జన్యువు ఏ మొక్కలో ఉందో తెలిసిపోతుంది. 2012లో టమాటా జన్యుపటం మొత్తం ప్రకటించారు. అందులో 5వ క్రోమోజోము పని మన శాస్త్రవేత్తలదే.

అయితే గింజ చేతిలో లేకపోతే ఏ మార్కరూ ఏమీ చెప్పలేదు. మనలో గుమాస్తాలు, స్టోర్‌కీపర్లు, ఫీల్డుమన్‌లు ఎందరో ఉన్నారు. మీ పిల్లలెవరైనా ఇప్పుడు అలాంటి ఉద్యోగాల్లో ఉంటే ఒక్క మాట చెప్పండి: పాత పొట్లం పారవేసే ముందు ఒకరిని అడగమని. ఆనాడు నేను అడగలేదు.