ఉట్నూరు అడవుల హద్దు

ఉట్నూరు ప్రాంతపు చరిత్రను వ్రాయువారు సాధారణముగా గోండు రాజుల కోటలతో ఆరంభింతురు. కాని గడచిన నూఱేండ్లలో అచటి ప్రజల బ్రతుకును మార్చినది కోట కాదు, హద్దురాయి. ఏ నేల అడవి, ఏ నేల సేద్యమని నిర్ణయించిన ఆ రాతి వృత్తాంతము పరిశీలింపదగినది.

గోండులు నాగలి కట్టి దున్నువారు. కొలాములు కొండవాలులపై చెట్లు నఱికి, కాల్చి, పోడు చేయువారు. ఉభయుల సేద్యములోను బీడు పెట్టుట ఒక భాగము. తేలికనేల కొన్ని యేండ్లు పండినపిమ్మట సారము తగ్గును. అప్పుడు దానిని విడిచి వేఱొకచోట విత్తుదురు. విడిచినచోట పొదలు మొలచి, సారము కుదిరిన తరువాత మరల అచటికే వత్తురు. ఆ బీడు ఎవరిదో ఊరివారందఱు ఎఱుగుదురు. దానికి పట్టా మాత్రము లేదు.

నైజాము ప్రభుత్వము రక్షితారణ్యములను ఏర్పఱచినపుడు ఇట్టి బీళ్లు అనేకము అడవిలో చేర్పబడెను. కొలతకు వచ్చినవారికి పొదలు కనబడినవి, హక్కు కనబడలేదు. కొన్ని గ్రామములు హద్దు లోపల చిక్కుకొనెను, కొన్ని ఖాళీ చేయింపబడెను, పోడు నిషిద్ధమయ్యెను. 1940లో జోడేఘాటున కొమురం భీము పోలీసు కాల్పులలో నేలకొరుగుట ఈ బాధకు పర్యవసానము.

పిదప ప్రభుత్వము కారణము విచారింపక తప్పినది కాదు. వియన్నాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫు మార్లవాయి గ్రామమున నివసించి, భూమిపై హక్కు లేకుండుటయే అశాంతికి మూలమని చూపెను. ఆ దశాబ్దమున వేలకొలది కుటుంబములకు పట్టాలు లభించెను. 1946లో గిరిజన ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలు వెలువడెను. ఒకసారి గీచిన హద్దును విచారించి సవరింపవచ్చునని ఇందువలన తేలినది. అయినను భూవివాదములు అంతము కాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పులే అందుకు సాక్ష్యము.

ఇక వన్యమృగముల మాట. వెనుక అవి ప్రభువుల వేటవినోదమునకై యుండెడివి. మెదకు ప్రాంతపు పోచారము అట్టి వేటస్థలమే. 1952లో అది అభయారణ్యమయ్యెను. ఉట్నూరునకు పొరుగున నున్న కవ్వాలు అడవి 1965లో అభయారణ్యముగాను, 2012లో పులుల రక్షితప్రాంతముగాను ప్రకటింపబడెను. దాని నడిమిభాగము సుమారు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టుభాగము సుమారు 1,123. వినోదమును రూపు మార్చుకొనెను. తుపాకితో పోవుచోట నేడు యాత్రికులు జన్నారమునుండి వాహనములెక్కి మృగములను చూడబోవుదురు.

పులికి నిశ్చింతమైన అడవియు, మహారాష్ట్రమందలి తాడోబానుండి వచ్చుటకు ఎడతెగని వనమార్గమును కావలయుననుట సత్యము. కాని ఈ కొత్త రక్షణ పాత హద్దుపైననే నిలిచినది. ఒకనాటి బీడు మొదట రక్షితారణ్యమై, పిదప పులి నివాసమైనచో, ఆ నేల దున్నినవాని మనుమడు తాత పొలమున ఆక్రమణదారుగా లెక్కింపబడును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఈ అన్యాయమును దిద్దుటకే పుట్టినది. 2024లో నడిమిభాగమునుండి రాంపూరు, మైసంపేట గ్రామముల కుటుంబములు కడెము సమీపమునకు తరలింపబడెను. 2025లో ఆసిఫాబాదు జిల్లాలో పులుల మార్గమునకై వెలువడిన ఉత్తరువు, ఆదివాసుల యభ్యంతరముచే ఆ యేడే నిలుపుదల చేయబడెను. హద్దునుగూర్చిన అనుమానము నూఱేండ్లకును తీరలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

పులిని కాపాడుట ఎంత యవసరమో, హద్దు గీయుటకు ముందు బీడుల చరిత్రను సేకరించుట అంత యవసరము. ఊరి పెద్దలకు ఒక్కొక్క చెలకకు పేరు తెలియును. ఎవరు ఎప్పుడు విడిచిరో తెలియును. ఆ పేర్లు తెలిసిన తరమువారు ఏటేట తగ్గిపోవుచున్నారు. పరిశోధకులు వానిని వ్రాసి యుంచినచో అడవిశాఖకును, గ్రామసభకును సమానముగా ఉపకరించును. వ్రాతలో లేనిది అసలే లేదని తలచుట వలననే ఆనాటి కొలత తప్పినది.