సంఘం అక్కర్లేని దీవి

వుడ్స్ హోల్ నుంచి మార్తాస్ వినియార్డ్ దీవికి ఫెర్రీలో ముప్పావుగంట ప్రయాణం. బోస్టన్ దగ్గర ఉద్యోగం చేసిన నాలుగేళ్ళలో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి అందరూ వెళ్ళినట్టే వెళ్ళాం. ‘జాస్’ సినిమా తీసిన వంతెన మీంచి నీళ్ళలోకి దూకే కుర్రాళ్ళని చూసి, ఆక్వినాలో ఎర్రమట్టి కొండచరియల ముందు ఫోటోలు దిగి, కట్టుకెళ్ళిన పులిహోర తిని వచ్చేశాం.

రెండోసారి ఫెర్రీ పై డెక్ మీద ఒక గుంపు కనిపించింది. ముప్పై మంది దాకా ఉంటారు, ముసలివాళ్ళ నుంచి చంటిపిల్లల దాకా, అందరికీ ఒకే రంగు టీషర్టులు. ఏదో బధిరుల సంఘం. ముందురోజు వార్షిక సమావేశం అయిందట, ఎన్నికలూ జమాఖర్చులూ ముగించుకుని సముద్రం చూడ్డానికి బయల్దేరారు. ఆ గాలికీ ఇంజను హోరుకీ మేం పక్కపక్కన నిలబడి కూడా అరుచుకుంటున్నాం. వాళ్ళు మాత్రం డెక్ ఈ చివర్నుంచి ఆ చివరికి హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఫెర్రీ కదిలాక, ఒడ్డున ఉండిపోయిన ఒకాయనతో ఒకావిడ ఇంకో రెండు నిమిషాలు పోట్లాడింది కూడా. మా స్నేహితుణ్ణి దింపడానికొచ్చిన వాళ్ళావిడకి మేం చెయ్యి ఊపగలిగాం, అంతే.

ఈ వివరాలన్నీ చెప్పింది వాళ్ళతో ఉన్న, వినపడే ఒకమ్మాయి. వాళ్ళలో ఒకరి కూతురట. దీవిలో ఏం చూస్తారని అడిగితే “చిల్‌మార్క్” అంది, మనవాళ్ళు తిరుపతి అన్నట్టు. నేను తెలిసినట్టే తలూపి, ఫోన్ తీసి వెతికాను. ఆ చలికాలమంతా దాని గురించే చదివాను.

1694లో జొనాథన్ లాంబర్ట్ అనే వడ్రంగి కేప్ కాడ్ నుంచి ఈ దీవికి కాపురం మార్చాడు. అతనికి వినపడదు. ఏడుగురు పిల్లల్లో ఇద్దరికి వినపడదు. దీవిలో అతనిలాగే ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పెళ్ళిళ్ళన్నీ ఆ కుటుంబాల మధ్యే. మేనరికాల దేశం నుంచి వచ్చిన మనకి మిగతా కథ ఎవరూ చెప్పక్కర్లేదు. పంతొమ్మిదో శతాబ్దానికి దీవిలో 155 మందికి ఒకరు బధిరులు. చిల్‌మార్క్ ఊళ్ళోనైతే 25 మందికి ఒకరు. అప్పట్లో అమెరికా మొత్తం మీద 5,728 మందికి ఒకరు.

అది అంతర్గత లక్షణం కావడంతో, తల్లికీ తండ్రికీ చక్కగా వినపడుతున్నా ఐదుగురు పిల్లల్లో ఒకరిద్దరికి వినపడకపోవచ్చు. ఏ ఇంట్లో పుడతారో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ప్రతి ఇంట్లోనూ చేతులతో మాట్లాడే మనిషి ఉన్నారు, లేకపోతే పక్కింట్లో ఉన్నారు. ఊరంతా ఆ భాష నేర్చుకుంది. నేర్చుకుంది అనడం కూడా తప్పేమో. మనం పక్కింటివాళ్ళ యాస పట్టుకున్నట్టు, అలా వచ్చేసింది. చేపల పడవ నుంచి పడవకి సైగలే. వినపడేవాళ్ళు వినపడేవాళ్ళతో కూడా, చర్చిలో ప్రసంగం సాగుతుండగానో, ఆడవాళ్ళ ముందు బూతుజోకు వేసుకోడానికో, చేతుల్లోకి మారేవాళ్ళట.

నోరా ఎలెన్ గ్రోస్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 1970ల చివర్లో ఇక్కడి వృద్ధుల జ్ఞాపకాలు సేకరించింది. 1985లో పుస్తకం వచ్చింది. అందులో ఒక ముసలావిడని ఇద్దరు మనుషుల గురించి అడుగుతుంది. ఆవిడకి ముందు గుర్తొచ్చింది వాళ్ళిద్దరూ మంచి జాలర్లని. వాళ్ళకి వినపడదు కదా అని గుర్తు చేస్తే, అవును సుమా, అంటుంది. ఈ పుస్తకం చదివి దీవిని స్వర్గం చేసేసేవాళ్ళున్నారు. నేనంత దూరం వెళ్ళలేను. గ్రోస్‌కి దొరికిన సాక్షులంతా వినపడేవాళ్ళే. దీవిలో పుట్టిన చివరి బధిర మహిళ 1952లోనే పోయింది. అటువైపు నుంచి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

వెనక్కి, ఆ టీషర్టుల దగ్గరికి వద్దాం. చిల్‌మార్క్‌లో ఇంతమంది బధిరులున్నా బధిరుల సంఘం లేదు. అమెరికాలో అలాంటి మొదటి సంఘం పుట్టింది సముద్రానికి దూరంగా, న్యూ హాంప్‌షైర్‌లోని హెన్నికర్ అనే పల్లెలో, థామస్ బ్రౌన్ అనే రైతు ఇంట్లో. బ్రౌన్‌కి వినపడదు, వాళ్ళ నాన్నకి వినపడదు, అక్కకి వినపడదు. వాళ్ళది బహిర్గత లక్షణం, అంటే తరం తర్వాత తరం అదే ఇంట్లో. చుట్టుపక్కల కుటుంబాలకి ఆ భాషతో పని లేదు. హార్‌లన్ లేన్ అనే పరిశోధకుడు ఈ రెండు ఊళ్ళనీ పక్కపక్కన పెట్టి ఈ తేడా చూపించాడు. ఇక నన్ను ఆపేసిన సంగతి: బ్రౌన్ భార్య మేరీ స్మిత్‌ది చిల్‌మార్క్. ఊరంతా తన భాష మాట్లాడే చోట పుట్టి, నాలుగు కొంపల్లో తప్ప ఆ భాష లేని చోటికి కాపురానికొచ్చింది. ఆమె హెన్నికర్‌లో ఎలా ఉందో నేను ఊహించుకోడం తప్ప ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

ఇలా దూరదూరంగా ఉన్నవాళ్ళని కలిపింది బడి. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో థామస్ గాలడెట్, పారిస్ నుంచి వచ్చిన బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్ కలిసి తెరిచారు. బ్రౌన్ అక్కడే చదివాడు. వినియార్డ్ పిల్లలూ అక్కడికే వచ్చి, తమ సైగల్ని క్లెర్క్ తెచ్చిన ఫ్రెంచి సైగల్లో కలిపారు. చదువయ్యాక ఎవరి పల్లెకి వాళ్ళు. అక్కడ మాట్లాడ్డానికి ఎవరుంటారు? 1850 సెప్టెంబర్ 26న గురువుల్ని సన్మానించాలన్న బ్రౌన్ ఆలోచనతో రెండు వందల మంది దాకా పాతవిద్యార్థులు హార్ట్‌ఫర్డ్ చేరారు. గాలడెట్‌కీ క్లెర్క్‌కీ చెరో వెండి కూజా ఇచ్చారు. కూజా మీద చెక్కిన బొమ్మలో ఓడ సిద్ధంగా ఉంది, అలల అవతల కట్టబోయే బడి ఉంది. మరుసటేడు గాలడెట్ పోతే స్మారక స్తంభానికి డబ్బు తామే పోగుచేసుకున్నారు, రూపకల్పన కూడా బధిర కళాకారులదే. 1854 జనవరిలో బ్రౌన్ ఇంట్లో ప్రతినిధులు కూర్చుని నియమావళి రాసుకున్నారు. న్యూ ఇంగ్లాండ్ గాలడెట్ అసోసియేషన్. బ్రౌన్ అధ్యక్షుడు. రెండేళ్ళకోసారి మహాసభ.

రెండేళ్ళకోసారి అనగానే నాకు మన తానా సభలు గుర్తొచ్చాయి. 1977 నుంచి మనవాళ్ళూ అంతే కదా, రెండేళ్ళకోసారి ఏ కన్వెన్షన్ సెంటర్లోనో చేరి, భోజనాల లైన్లో నిలబడి, తెలుగులో తిట్టుకుని వస్తారు. నేను ఇన్నాళ్ళూ ఆ సభల్ని వెక్కిరించిన బాపతే. కానీ పోలిక ఎక్కువ దూరం లాగకూడదు. మనకి ఇంటికెళ్తే తెలుగు ఉంటుంది. బధిర పిల్లల్లో పదికి తొమ్మిది మందికి పైగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. వాళ్ళ భాష ఇంట్లో ఉండదు. బళ్ళోనో, ఏడాదికోసారి జరిగే సభలోనో దొరకాలి.

ఇంగ్లీషులో ఇలాంటి సమూహాన్ని పెద్ద డి తో రాస్తారు, చెవికి సంబంధించిన డెఫ్ వేరు, భాషకి సంబంధించిన డెఫ్ వేరు అని. మన లిపికి ఆ సౌకర్యం లేదు. మనకున్నవి ‘చెవిటివాడి ముందు శంఖం’ లాంటి సామెతలు.

1855 ప్రాంతంలో జార్జియాకి చెందిన జాన్ ఫ్లర్నాయ్ అనే బధిరుడు ఏకంగా ఒక ప్రత్యేక రాష్ట్రమే కావాలన్నాడు. ప్రత్యేక రాష్ట్రం మాట మనకి కొత్తేం కాదు గానీ, ఆ వాదోపవాదాలు చదవడానికి భలే ఉంటాయి. మన పిల్లల్లో చాలామందికి వినపడుతుందే, ఒక తరం తిరిగేసరికి రాష్ట్రం ఎవరిదవుతుంది అని తోటి బధిరులే అడిగారు. జవాబు లేకపోయింది. రెండేళ్ళకోసారి కలిసే సభే మిగిలింది.

ఆ సభలూ ప్రమాదమే అన్నాడు అలెగ్జాండర్ గ్రాహం బెల్. టెలిఫోన్ బెల్లే. తల్లికి వినపడదు, భార్యకి వినపడదు, తను బధిరుల బడిలో పాఠాలు చెప్పినవాడు. వంశపారంపర్యాన్ని లెక్కగట్టడానికి చిల్‌మార్క్ వచ్చి వంశవృక్షాలు తిరగేశాడు. మెండెల్ సంగతి ఇంకా లోకానికి తెలీదు, లెక్క తేలలేదు. 1883 నవంబర్‌లో న్యూ హేవెన్‌లో పండితుల ముందు ఒక పత్రం చదివాడు. బధిరులు బధిరుల్నే పెళ్ళాడుతున్నారు, ఇలాగైతే మానవజాతిలో ఒక బధిర తెగ తయారవుతుంది అని. కారణాల్లో హాస్టల్ బడులు, సైగల భాషతో పాటు సంఘాలు, పునస్సమ్మేళనాలు, పత్రికలు కూడా ఉన్నాయి. పెళ్ళిళ్ళని చట్టంతో ఆపడం కుదరదులే అనుకుని, కలుసుకునే వీలు తగ్గించాలన్నాడు. అప్పటికి మూడేళ్ళ కింద, 1880లో మిలాన్ మహాసభ బడుల్లో సైగలు వద్దు, నోటిమాటే ముద్దు అని తీర్మానించేసింది. ఓట్లేసిన గదిలో బధిరులు దాదాపు లేరు.

బెల్‌ని విలన్ చెయ్యడం తేలిక. నాకు కోపం వేరే విషయంలో. వినపడనివాళ్ళు వినపడేవాళ్ళలో కలిసిపోవాలన్నదే ఆయన కోరిక అయితే, అలా కలిసిపోయిన ఊరు ఆయన కళ్ళ ముందే ఉంది. వంశవృక్షాలు చూశాడు గానీ పడవల వైపు చూడలేదు. అక్కడ చేతులు కదపడం మాన్పించినవాళ్ళెవరూ లేరు. వినపడేవాళ్ళే నేర్చుకున్నారు.

మా పెదనాన్నగారి అమ్మాయికి వినపడదు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా ఇంట్లో అక్క కోసం ఓ పాతిక సైగలుండేవి: మీసం దువ్వితే పెదనాన్న, ముక్కుపుడక చూపిస్తే నాయనమ్మ, అన్నం, నీళ్ళు, బడి, వద్దు. పాతిక మాటలతో ఒక మనిషి ఇరవయ్యేళ్ళు మా మధ్య బతికింది. పెళ్ళిళ్ళలో మూడో వరసలో కూర్చుని అందర్నీ చూసి నవ్వేది. తనకి పద్ధెనిమిదేళ్ళప్పుడు బడి స్నేహితులు వైజాగ్‌లో జరిగే సమావేశానికి రమ్మంటే పెద్దమ్మ పంపనంది. “అక్కడికెళ్తే చేతులూపడమే అలవాటైపోద్ది. పైగా అలాంటి కుర్రాణ్ణే ఎవడినో చూసుకుంటే?” పెద్దమ్మ బెల్ పేరు కూడా వినలేదు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, హోంవర్క్ చేసుకుంటూ.

ఇప్పుడు అక్క ఏటా వెళ్తుంది. 2015లో ఢిల్లీలో సైగల భాషకి కేంద్ర సంస్థ వచ్చింది, 2021 నాటికి పదివేల మాటల నిఘంటువు వచ్చింది. ఆ లింకులు నాకు పంపేది కూడా అక్కే. నేను బుక్‌మార్క్ చేసి ఊరుకుంటాను.

మొన్న సమావేశమయ్యాక ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు దిగిన ఫోటో వాట్సాప్‌లో పెట్టింది. నలభై మంది దాకా ఉన్నారు. ఒక్కరూ కెమెరా వైపు చూడట్లేదు. అందరి కళ్ళూ పక్కవాళ్ళ చేతుల మీదే. చివర నిలబడ్డ గళ్ళచొక్కా ఆయన ఏదో చెప్తుంటే, అక్క నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆయన ఏమంటున్నాడని టైప్ చేశాను.

“టైప్ చేస్తే నవ్వు రాదురా. నువ్వొచ్చినప్పుడు చెప్తాలే” అని పెట్టింది.